ఆరో రీలు

నౌపడా నుంచి చిన్నరైలు
ఆ వానల్లో రెండు రోజులు ఆలస్యంగా
గుణుపురం చేరి
తడి గోనె కప్పిన డబ్బాలు దించింది.
లెక్కపెడితే తొమ్మిదికి ఎనిమిది.
ఆరో రీలు రాలేదు.

"రాపోతే ఏటి? ఐదు తర్వాత ఏడు ఎయ్యనేమా?"
అన్నాడు దాలయ్య మావ,
కార్బన్ కడ్డీలు రెండూ దగ్గరికి తెచ్చి
వెలుగు ముట్టిస్తూ.

గుర్రాల సినిమా.
అందులో ఒక పొడుగాటి మనిషి.
అతని పేరు పోస్టరు మీద ఒడియాలో ఒకలా,
మా గోడల మీద తెలుగులో ఇంకోలా ఉండేది.
రెండూ నోరు తిరక్క
జనం 'మాటాడనోడు' అని పెట్టుకున్నారు.

తలుపు తోసుకొచ్చి నిలబడతాడు.
బరువంతా ఎడమకాలి మీద.
కుడి బొటనవేలు బెల్టులో.
తల కాస్త వంచి,
పక్క ఊళ్లో పడుతున్న వాన
ఇక్కణ్ణుంచే వింటున్నట్టు.
అంతే.
నేల టికెట్టంతా చుట్ట పీల్చడం మరిచిపోయేది.

అతను గుర్రమ్మీద రైలును తరిమినప్పుడు మాత్రం
ఘొల్లున నవ్వారు.
మా రైలుకైతే సైకిలు చాలును.

ఇరవయ్యొక్క రోజులు, రోజుకి రెండాటలు.
మావకి అన్నం క్యారేజీ తెచ్చే వంకతో
నలభై రెండింట్లో ముప్పై దాకా
నేనూ చూశాను, మిషను పక్కన స్టూలెక్కి,
ఆ చదరపు కన్నంలోంచి.
టికెట్లు చింపే ఇసాకు గొమాంగో
అప్పటికే ఎడమకాలి మీద నిలబడుతున్నాడు.

పదేళ్లకు కాబోలు
చుక్కల సినిమాలొచ్చాయి. ఒకటి కాదు, వరస.
అప్పటికి టికెట్ల కిటికీలో కూర్చునేది నేనే.
రెండో దాంట్లో ఒక రేవు మనిషి.
ఒక చంద్రుడి నుంచి ఇంకో చంద్రుడికి
జనాన్ని దాటిస్తాడు,
మన వంశధార మీద పడవవాడిలాగే,
చిల్లర దగ్గర పేచీతో సహా.
మొహమంతా రాగి ముసుగు.
కళ్లు కూడా కనపడవు.

మావ కన్నం దగ్గర కదలడం మానేశాడు.
"ఒలే కామాచ్చీ, ఆడేనే."
"ఎవడు మావా?"
"మాటాడనోడు."
"వాడీపాటికి ముసలైపోయుంటాడు. వీడెవడో వేరే.
మొహమైనా లేదు కదా."
"మొకమెందుకే? సెయ్యి సూడు."

చూశాను.
ఆ వెండి తొడుగుకి బెల్టు లేదు.
ఉండవలసిన చోట
బొటనవేలు దాన్ని వెతుక్కుంటోంది.

ఎవరు ఎవర్ని చూసి నేర్చారో
చెప్పడానికి గుణుపురంలో ఎవరున్నారు?
ఏ దేశపు రేకుల హాల్లో
ఏ కుర్రాడు నాలాగే స్టూలెక్కి
ఆ నిలబడడం దొంగిలించుకుపోయాడో.

మూడో సినిమాకి ముసుగు అదే,
లోపలి మనిషి మారాడు.
ఊళ్లో ఎవరూ కనిపెట్టలేదు.
మావ ఒక్కడే బయటికెళ్లి ఉమ్మేసి వచ్చి
"ఈడు మేకుకి సంచీ తగిలించినట్టు
తగిలించేడు యేలు" అన్నాడు.

ఇదంతా సరే.
ఒక సంగతి ముగ్గురికే తెలుసు.
ఇద్దరు లేరు కాబట్టి చెబుతున్నాను.

గుర్రాల సినిమా ఆఖరాట అయిపోయి
డబ్బాలు కడుతుంటే
ఆరో రీలు వచ్చింది,
పర్లాకిమిడి స్టేషన్లో తాండ్ర బుట్టల కింద
మూడు వారాలు నానినాని.
మావ తలుపులు మూయించి
ఇసాకుకీ నాకూ వేశాడు.

అందులో ఆ మనిషి
మంచమ్మీద కూర్చుని
చొక్కాకి గుండీ కుట్టుకుంటూ
పది నిమిషాలు
ఆపకుండా మాట్లాడాడు,
తెర అవతలున్న ఎవరితోనో.
ఒక్క ముక్క మాకర్థం కాలేదు.
మధ్యలో ఒకసారి గొంతు జీరపోయింది.
సూది గుచ్చుకుంది,
ఆ బొటనవేలికే.
నోట్లో పెట్టుకున్నాడు.

ఇసాకు నేలమీద చతికిలబడ్డాడు,
రెండు కాళ్లూ చాపుకొని.
మావ రీలు వెనక్కి చుట్టి
మూత పెట్టి
చాలాసేపు మూత మీంచి చెయ్యి తియ్యలేదు.
"సెప్పకండి. జనం ఇరవయ్యొక్క రోజులు నమ్మినారు."

పొద్దున్న చిన్నరైలు దాన్నీ ఎక్కించుకుపోయింది.
ఇసాకు కొంతదూరం
దాని పక్కనే నడిచాడు.